ఇరవై నాలుగో వంతు కారు

అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 18 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఉండేంత. బరువు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. పొడవు 24వ వంతుకు తగ్గితే ఉపరితలం 576వ వంతుకు, ఘనపరిమాణం 13,824వ వంతుకు తగ్గిపోతాయి. 1,150 కిలోల కారును అదే ఇనుముతో, అదే అద్దంతో, అదే రబ్బరుతో ఆ కొలతకు కుదించి చేయగలిగితే తూగేది 83 గ్రాములు.

ఇంతవరకూ బడిలో చెప్పిన లెక్కే. అసలు చిక్కు ఆ చిన్న కారుకు రంగు వేయబోయినప్పుడు మొదలవుతుంది. కారును కుదించగలం గానీ రంగు చుక్క తలతన్యతను కుదించలేం. గాలిలో తేమ మన కోసం తగ్గదు. కాంతి తరంగాల పొడవు మారదు. ఈ కుదరని చోటల్లా ఏదో ఒక ఉపాయంతో కంటిని ఒప్పించడమే స్కేల్ మోడల్ కార్లు కట్టేవాళ్ళ పని. బొమ్మకార్ల సరదా అని దీన్ని తీసిపారేసేవాళ్ళున్నారు. పాలిమర్ రసాయనం, ద్రవాల భౌతికశాస్త్రం, చూపు శాస్త్రం మూడూ ఒకే బల్ల మీద చేతికి తగిలే సరదాలు నాకు తెలిసి ఎక్కువ లేవు.

ముందు ఈ 24 ఎక్కడిదో చూద్దాం. అడుగుకు అరంగుళం చొప్పున లెక్క కడితే 1/24 వస్తుంది. జపాన్ కార్ల కిట్లు చాలావరకు ఈ కొలతలోనే ఉంటాయి. అమెరికా కిట్లది 1/25. వాటి వెనక వ్యాపార రహస్యం ఒకటుంది. 1950లలో అక్కడి కార్ల కంపెనీలు కొత్త కారు వచ్చినప్పుడల్లా దాని ప్లాస్టిక్ నమూనాలు డీలర్లకు అందేట్టు చూసేవి. కారు చూడ్డానికొచ్చిన ఇంటివాళ్ళ పిల్లాడి చేతిలో ఒకటి పెడితే బేరం తేలిగ్గా తెగుతుందని ఎత్తుగడ. మిషిగన్ రాష్ట్రంలో 1948లో మొదలైన ఏఎంటీ ఇలాంటి నమూనాలు చేస్తూ చేస్తూ, 1958లో వాటినే విడిభాగాలుగా డబ్బాలో పెట్టి, ఒకే కిట్టుతో మూడు రకాలుగా కట్టుకోవచ్చంటూ అమ్మకానికి తెచ్చింది. అమెరికాలో ఒక తరం కుర్రాళ్ళు ఆ డబ్బాలతోనే పెరిగారు. ఇక 1/43 బొమ్మ రైళ్ళ నుంచి వచ్చింది. అడుగుకు ఏడు మిల్లీమీటర్ల కొలతతో చేసిన రైలుపట్టాల పక్కన నిలబెట్టడానికి ఆ లెక్కకు సరిపోయే కార్లు కావాల్సొచ్చాయి. మన పిల్లల జేబుల్లో తిరిగే హాట్ వీల్స్ దాదాపు 1/64.

కొలతల పట్టింపు ఎంత దూరం పోతుందో జపాన్‌లోని షిజువొకా పట్టణానికి చెందిన టమియా చరిత్ర చెబుతుంది. 1946లో కలప వ్యాపారంగా మొదలైన కంపెనీ అది. 1970లలో 1/12 కొలతలో పోర్షా కారు కిట్టు తీయాలనుకున్నప్పుడు ఫొటోలూ డ్రాయింగులూ చాలక, నిజం పోర్షా 911ను ఒకదాన్ని కొని, ఆఖరికి విప్పదీసి కొలతలు తీసుకున్నారు.

ఇప్పుడు డబ్బా తెరుద్దాం. చట్రాలకు అంటిపెట్టుకుని పదుల కొద్దీ ముక్కలుంటాయి. అవి పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. రెండు వందల డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి, బలంగా ఉక్కు అచ్చులోకి నెడితే అది అచ్చు గోడ మీది వెంట్రుకవాసి గీతను కూడా పట్టుకుంటుంది. చల్లారాక గట్టిపడుతుంది. మళ్ళీ నూరు డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అందుకే వంకరపోయిన ముక్కను బాగా వేడి నీళ్ళలో ముంచి సరిచేస్తారు. అందుకే మే నెలలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద మోడల్‌ను పెట్టకూడదు కూడా.

కారు బాడీని అచ్చు పోయడం విమానం రెక్కను పోసినంత తేలిక కాదు. రెక్కకు పైనొకటి కిందొకటి రెండు అచ్చులు చాలు. కారుకు పైకప్పుంటుంది, పక్కలుంటాయి, బంపర్ దగ్గర లోపలికి ఒంపులుంటాయి. రెండు అచ్చుల మధ్య పోస్తే ముక్క బయటికి రాదు. కాబట్టి నాలుగు వైపులా పక్కలకు జరిగే అచ్చులు పెడతారు. అవి కలిసిన ప్రతిచోటా సన్నని గట్టు మిగిలిపోతుంది. ఫెండర్ల మీదుగా, కిటికీ స్తంభాల మీదుగా పోయే ఆ గట్టు ఉత్త ప్లాస్టిక్ మీద కంటికి ఆనదు. రంగు వేసి మెరుగు పెట్టాక పైకి తేలుతుంది. కారణం మెరుపే. అద్దంలాంటి తలం ఒక డిగ్రీ వంగితే దాని మీద ప్రతిఫలించే కాంతి రెండు డిగ్రీలు పక్కకు పోతుంది. అంటే మెరిసే రంగు ప్రతి లోపాన్నీ రెట్టింపు చేసి చూపిస్తుంది. యుద్ధ ట్యాంకులు కట్టేవాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళ మట్టి రంగు, బురద అన్నిటినీ కప్పేస్తాయి. అందుకే కార్లు కట్టేవాళ్ళు ట్యాంకులవాళ్ళను చూసి కాస్త కుళ్ళుకుంటారు.

ముక్కల్ని చట్రం నుంచి విరిచేస్తే ఆ చోటు తెల్లబడుతుంది. ఒత్తిడికి ప్లాస్టిక్ లోపల కంటికి కనిపించనంత సన్నని ఖాళీలు ఏర్పడి కాంతిని చెదరగొట్టడమే ఆ తెలుపు. పదునైన నిప్పర్‌తో ముందు కొంచెం దూరంగా కోసి, మిగిలిన మొడిమను తర్వాత కత్తితో చెక్కేస్తే ఈ మచ్చ పడదు.

అతికించడం నిజానికి అతికించడం కాదు. మోడల్ సిమెంటులో జిగురేమీ ఉండదు. సన్న రకం సీసాలో ఉండేది ప్రధానంగా బ్యూటైల్ ఎసిటేట్, ఎసిటోన్ లాంటి ద్రావణులు. రెండు ముక్కల్ని దగ్గర చేర్చి, సందు దగ్గర కుంచె కొస తాకిస్తే కేశనాళికా బలం ద్రవాన్ని లోపలికి లాక్కుపోతుంది. రెండు వైపులా ప్లాస్టిక్ కరిగి, పొడవాటి పాలిమర్ గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ద్రావణి ఆరిపోయాక ఆ రెండూ ఇక ఒకే ముక్క. వెల్డింగ్ అనడం సబబు.

లోహపు ముక్కలకు, రెజిన్ ముక్కలకు మాత్రం సూపర్ గ్లూ కావాలి. మన ఇళ్ళలో ఉండే ఫెవిక్విక్ జాతిదే. 1942లో ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురికి పనికొచ్చే పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే తగిలిన పదార్థం సయనోయాక్రిలేట్. దేనికి తాకినా అంటుకుపోతోందని అప్పుడు పక్కన పెట్టేశారు. 1958లో జిగురుగా అమ్మకానికొచ్చింది. దీన్ని కారు అద్దాల దగ్గర వాడారంటే అయిపోయినట్టే. దాని ఆవిరి తేమ ఉన్నచోట, వేలిముద్రలు పడినచోట గట్టిపడి అద్దం మీద తెల్లని మసక వేస్తుంది. నేరం జరిగిన చోట వేలిముద్రలు బయటపెట్టడానికి పోలీసు నిపుణులు వాడుకునేది సరిగ్గా ఈ గుణాన్నే. మోడల్ అద్దాలకు మామూలు తెల్ల ఫెవికాల్ మేలు.

ఇక రంగు. ఇక్కడ తొందరపడకూడదు, రాయడంలోనైనా సరే.

ఫ్యాక్టరీలో కారు మీద పడే పొరలన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. 24తో భాగిస్తే 4 నుంచి 6 మైక్రాన్లు. ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోటు కలిపి అంత పలచగా వేయడం ఏ ఎయిర్‌బ్రష్‌కూ చేతకాదు. జాగ్రత్తగా వేసి 60 మైక్రాన్లలో ముగించారనుకుందాం. అసలు కారు లెక్కలో అది దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన రంగు మెత్తినట్టు. తలుపు చుట్టూ ఉండే సందు నిజం కారులో 4 మిల్లీమీటర్లు, మోడల్‌లో 0.17 కావాలి. రెండు వైపుల నుంచీ 60 చొప్పున రంగు పేరుకుంటే ఆ సందులో మిగిలేది 50 మైక్రాన్లు. తలుపు ఉందో లేదో తెలియదు. ఇది తెలిసే కిట్టు కంపెనీలు గీతల్ని కొలతకు మించి వెడల్పుగా పెడతాయి. అనుభవజ్ఞులు రంగుకు ముందే సన్నని గీతపనిముట్టుతో వాటిని ఇంకా లోతు చేస్తారు. కొలత తప్పడమే ఇక్కడ కొలత.

దీనికి తోడు తలతన్యత. నీటి విషయంలో సుమారు 2.7 మిల్లీమీటర్ల కంటే చిన్న కొలతల్లో గురుత్వాకర్షణ కంటే తలతన్యతదే పైచేయి. రంగుల్లో ఈ హద్దు ఇంకొంచెం తక్కువ. నిజం కారు ఒంపులన్నీ ఆ హద్దుకు పైన, మోడల్ కారు అంచులు, సందులు అన్నీ దానికి దిగువన. కాబట్టి తడి రంగు పదునైన అంచుల నుంచి పారిపోయి మూలల్లో చేరుతుంది. బానెట్ అంచు మీద రంగు పలచబడి, తర్వాత పాలిష్ పెట్టేటప్పుడు అక్కడే అరిగి ప్లాస్టిక్ బయటపడుతుంది. మొదటి కారు కట్టిన ప్రతివాడికీ ఇది తప్పదు. అయితే ఇదే గుణం ఇంకోచోట చాకిరీ చేసిపెడుతుంది. బాగా పలచన చేసిన నల్ల ఎనామెల్‌ను తలుపు గీత మీద ఒక్కచోట తాకిస్తే చాలు, గీత పొడవునా అదే పరిగెత్తి నీడ గీస్తుంది.

నల్ల ఎనామెల్ పూస్తే కింది రంగు ఎందుకు కరగదని అడగొచ్చు. రంగులు ఆరే తీరులో మూడు జాతులున్నాయి. లక్కర్ కేవలం థిన్నర్ ఆవిరై ఆరుతుంది. మళ్ళీ అదే థిన్నర్ పోస్తే కరుగుతుంది. ఎనామెల్ గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి వలలా అల్లుకుని గట్టిపడుతుంది, రోజులు పడుతుంది. నీటి అక్రిలిక్‌లో సన్నని ప్లాస్టిక్ రేణువులు నీరు పోయాక ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి. లక్కర్ థిన్నర్ మిగతా రెంటినీ దెబ్బతీస్తుంది. ఎనామెల్ థిన్నర్ ఆరిన లక్కర్ జోలికి పోదు. కాబట్టి కింద లక్కర్, పైన ఎనామెల్. తిరగేస్తే పొర ముడతలు పడుతుంది.

ఈ లక్కర్‌కు నిజం కార్ల చరిత్రలో పెద్ద పీట ఉంది. 1920ల మొదట్లో కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి నైట్రోసెల్యులోజ్‌తో డ్యూకో అనే లక్కర్ తయారుచేసి, 1924 మోడల్ ఓక్లండ్ కార్లకు నీలి రంగులో వేశాయి. ఆరడం గంటల పని అయిపోయింది, రంగురంగుల కార్లు రోడ్డెక్కాయి. కార్ల ఫ్యాక్టరీలు ఆ రకాన్ని ఎప్పుడో వదిలేశాయి. మన వడ్రంగులు, షెడ్డు పెయింటర్ల నోట డ్యూకో పెయింట్ అన్న మాట మాత్రం ఇంకా వినిపిస్తుంది. మోడల్ కార్లవాళ్ళకైతే లక్కర్ ఇప్పటికీ మొదటి ఇష్టం. పలచగా పడుతుంది, త్వరగా ఆరుతుంది, రుద్దితే మెరుస్తుంది. ఒక హెచ్చరిక: షెడ్లలో వాడే ఎన్‌సీ థిన్నర్ ఘాటైనది. ప్రైమర్ లేని పాలీస్టైరీన్ మీద నేరుగా పడితే ప్లాస్టిక్‌నే తినేస్తుంది.

ఎయిర్‌బ్రష్ ముక్కు రంధ్రం సాధారణంగా 0.3 మిల్లీమీటర్లు. రంగును పాలంత పలచన చేసి పోస్తారు. గాలి ఒరవడి దాన్ని పొగమంచులా చెదరగొడుతుంది. దూరం ఎక్కువైతే చుక్కలు దారిలోనే సగం ఆరి గరుకుగా పడతాయి. దగ్గరైతే కారిపోతాయి. మధ్యస్తంగా పడినా పైన నారింజ తొక్కలాంటి అలలు మిగులుతాయి. నిజం కారు మీద మిల్లీమీటరు వెడల్పు అలను ఎవరూ పట్టించుకోరు. మోడల్ మీద అదే అల 24 మిల్లీమీటర్ల సొట్టతో సమానం. అందుకే 2000 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి ఇంకా సన్న రకాలకు పోతూ, చివర పాలిష్ పేస్టుతో రుద్దుతారు. గీతల లోతు కాంతి తరంగం కంటే, అంటే అర మైక్రాన్ కంటే, బాగా తగ్గినప్పుడే తలం అద్దమవుతుంది. ఇది గంటల పని. ఈ హాబీలో అన్నిటికంటే విసుగు పుట్టించేదీ, అన్నిటికంటే ఫలితం చూపించేదీ ఇదే.

మెటాలిక్ రంగుల దగ్గర లెక్క పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఆ మెరుపు రంగులో కలిపిన అల్యూమినియం రేకులది. ఒక్కో రేకు 20 మైక్రాన్లనుకుందాం. నిజం కారు రంగునే తెచ్చి మోడల్ మీద కొడితే ఒక్కో రేకు అసలు కారు మీద అర మిల్లీమీటరు తళుకులా ఉంటుంది. కారు పెళ్ళిమండపం అలంకారంలా మెరుస్తుంది. సరే, రేకును కూడా 24వ వంతు చేద్దామంటే అది 0.8 మైక్రాన్‌కు దిగిపోతుంది. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. రేకు అద్దంలా పనిచేయాలంటే తరంగం కంటే ఎన్నో రెట్లు పెద్దదై ఉండాలి. దాదాపు సమానమైతే కాంతిని తిప్పికొట్టడం మాని నలుదిక్కులా చెదరగొడుతుంది. వెండి మెరుపు పోయి బూడిద రంగు మిగులుతుంది. అంటే కొలతకు సరిపోయే మెటాలిక్ రంగు చేయడానికి ప్రకృతి ఒప్పుకోదు. మోడల్ రంగుల కంపెనీలు రేకును వీలైనంత సన్నగా నూరి, తరంగానికి మరీ దగ్గర కాకుండా మధ్యలో ఎక్కడో రాజీ పడతాయి.

క్రోమియం మెరుపుది దీనికి తలకిందులైన కథ. కిట్టులో వచ్చే బంపర్లకు, గ్రిల్లుకు శూన్యంలో అల్యూమినియం ఆవిరి పట్టిస్తారు. ఆ పొర మందం 0.1 మైక్రాన్ లోపే. మోడల్ మొత్తంలో కొలతకు తగినంత పలచగా ఉండే పూత ఇదొక్కటే. అయినా దాని కింద వేసే లక్కర్ అంచుల్ని మొద్దుబారుస్తుందని, మెరుపు మరీ బొమ్మలా ఉందని చాలామంది బ్లీచింగ్ ద్రవంలో ముంచి ఊడదీస్తారు. తర్వాత మెరిసే నల్లరంగు మీద క్రోమ్ రంగు వేస్తారు. కిటికీల చుట్టూ ఉండే వెండి పట్టీలకు వెనక జిగురున్న అతి సన్నని లోహపు రేకు అంటించి, పదునైన బ్లేడుతో అంచులు కోస్తారు. చెయ్యి వణక్కూడదు.

నీటిలో నానబెట్టి జార్చే స్టిక్కర్లను, అంటే డెకాల్‌లను, గరుకు తలం మీద పెడితే కింద గాలి చిక్కుకుని వెండి మచ్చలు పడతాయి. నున్నని తలం మీద పెట్టాలి, అంతే.

ఇంత చేసినా చివరి తీర్పు కంటిదే. మోడల్‌ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడడమంటే అసలు కారును 7.2 మీటర్ల దూరం నుంచి చూడడం. ఆరోగ్యమైన కన్ను ఆ దగ్గరలో సుమారు 0.09 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిని విడదీసి చూడలేదు. అసలు కారు లెక్కలో అది 2 మిల్లీమీటర్లు. దానికంటే చిన్న వివరం కోసం రాత్రుళ్ళు మేలుకోవడం అనవసరమని నా అభిప్రాయం, మేలుకునేవాళ్ళు ఒప్పుకోరు.

కెమెరా ఇంకా కఠినమైన పరీక్షకురాలు. దగ్గర వస్తువును తీస్తే ముందు బంపర్ స్పష్టంగా, వెనక డిక్కీ మసకగా వస్తుంది. ఆ మసక చూడగానే మెదడు ఇది చిన్న వస్తువని పసిగట్టేస్తుంది. అమెరికాలో మైకేల్ పాల్ స్మిత్ ఈ గండాన్ని గట్టెక్కారు. ఆయన ఎల్గిన్ పార్క్ అనే లేని ఊరిని ఊహించి, 1/24 కార్లను, తాను కట్టిన ఇళ్ళను ఆరుబయట బల్ల మీద పెట్టి, వెనక నిజం చెట్లు కలిసిపోయేట్టు ఫొటోలు తీశారు. వాడింది చిన్న డిజిటల్ కెమెరా. సెన్సర్ చిన్నదైతే ముందూ వెనకా రెండూ స్పష్టంగా వస్తాయి, ఖరీదైన కెమెరా ఇక్కడ నష్టం చేసేది. కదిలే బొమ్మల్లో చిక్కు మరొకటి: చిన్న కారు లోయలో పడితే మరీ త్వరగా పడిపోతుంది. పడే కాలం ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది కాబట్టి, 1/24 కారును సెకనుకు 24 ఫ్రేములకు బదులు దాదాపు 118 ఫ్రేములతో తీసి నెమ్మదిగా చూపిస్తే బరువున్న కారు పడినట్టుంటుంది.

గాలి కూడా కుదించడానికి లొంగదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు చుట్టూ గాలి ప్రవర్తనను 1/24 నమూనాతో తెలుసుకోవాలంటే లెక్క ప్రకారం గాలిని గంటకు 2,400 కిలోమీటర్ల వేగంతో ఊదాలి. అది ధ్వని వేగానికి దాదాపు రెట్టింపు. అక్కడ గాలి స్వభావమే మారిపోతుంది. ఫార్ములా వన్ జట్లు గాలి సొరంగంలో పరీక్షించే నమూనాలు అరచేతిలో పట్టనంత పెద్దవి కావడానికి ఇదొక కారణం. నిబంధనలు 60 శాతం కొలత దాకా అనుమతిస్తాయి.

ఈ సరదా నుంచి నిజం కార్ల దాకా దారి కూడా ఉంది. జనరల్ మోటార్స్ 1930 నుంచి 1968 దాకా ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ పేరుతో అమెరికా కుర్రాళ్ళకు పోటీ నడిపింది. మొదట్లో అలంకారపు గుర్రబ్బగ్గీని చిన్నగా చేయమన్నారు, తర్వాత సొంతంగా ఊహించిన కారును 1/12 కొలతలో చేయమన్నారు. గెలిచినవాళ్ళకు చదువు ఖర్చులు బహుమతి. 1947లో గెలిచిన చక్ జోర్డన్ తర్వాత అదే కంపెనీ డిజైన్ విభాగానికి అధిపతి అయ్యారు.

మన దగ్గర మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు వాతావరణం గురించి ఒక మాట చెప్పాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో లక్కర్ కొడితే రంగు పాలిపోయి తెల్లబారుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ తలాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ మంచులా దిగి తడి రంగులో కలుస్తుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలపడం ఒక ఉపాయం. పొడి వాతావరణం వచ్చేదాకా ఆగడం అంతకంటే చవక.

ఇంకొకటి, ఇందులో రాజీ లేదు. కరోనా రోజుల్లో వాడిన మాస్కులు దుమ్మును, తుంపరను ఆపుతాయి గానీ థిన్నర్ ఆవిరిని ఆపవు. దానికి బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, తలుపులు మూసిన పడకగదిలో స్ప్రే చేయకూడదు. రెండు సీసాల్లో వచ్చే టూ-కే క్లియర్‌లో ఐసోసయనేట్లుంటాయి, అవి ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే నీటి అక్రిలిక్‌తో, కుంచెతో మొదలుపెట్టండి. మొదటి కిట్టుకు ఇంజను లేని, ముక్కలు తక్కువున్న 1/24 కారును, తెలుపో ఎరుపో ఏదో ఒక మామూలు రంగును ఎంచుకోండి. ఎరుపు వేసేట్టయితే బాడీ ప్లాస్టిక్ తెల్లగా ఉన్న కిట్టు చూసుకోండి. మెటాలిక్ రంగు రెండో కారుకో మూడో కారుకో ఉంచుకోవచ్చు.